అలాస్కా హైవే మీద పన్నెండు రాత్రులు, ఒక అద్దం గొడవ

ఇది రాస్తున్నదే అద్దె బండి అద్దం పగిలిందని కంపెనీ వాళ్ళు లాగేసిన 1,184 డాలర్ల గురించి. ట్రిప్ బాగానే జరిగింది, నిజం చెప్పాలంటే చాలా బాగా జరిగింది, కానీ కార్డు స్టేట్‌మెంట్ చూసినప్పుడల్లా కడుపు మండుతోంది కాబట్టి ముందు అదే చెప్తా.

జూన్‌లో కెనడాలోని ఎడ్మంటన్‌లో 24 అడుగుల ఆర్వీ, అంటే లోపలే వంటా పడకా ఉండే బండి, అద్దెకి తీసుకున్నాం, రాత్రికి 219 డాలర్లు, పైన ఇన్సూరెన్స్ అని రోజుకి ఇంకో 24. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ పిల్లాడు, ఖమ్మం నుంచి వచ్చిన మా అత్తయ్య. హైవే మొదలయ్యే డాసన్ క్రీక్‌లో మైల్ సున్నా స్తంభం దగ్గర అందరిలాగే ఫొటో దిగి బయల్దేరాం. 1942లో జపాన్ వాళ్ళు వస్తారేమోనని అమెరికా ఆర్మీ ఎనిమిది నెలల్లో అడవిలోంచి వేసేసిన రోడ్డు ఇది అని చెప్తే అత్తయ్య "మా ఇంటి ముందు సీసీ రోడ్డుకి నాలుగేళ్ళు పట్టింది బాబూ" అన్నారు.

ఫోర్ట్ నెల్సన్ దాటాక ఎదురుగా వచ్చిన ఒక లారీ చక్రం కింద నుంచి రాయి ఎగిరి మా ముందు అద్దానికి టప్‌మని తగిలింది. వేరుశనగ గింజంత చిల్లు, డ్రైవర్ వైపు కింద మూల. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు, మర్నాడు వాట్సన్ లేక్ చేరాకే అద్దె కంపెనీకి ఫోన్ చేయగలిగా. "ఏం ముట్టుకోకండి సర్, తిరిగొచ్చాక చూద్దాం" అన్నాడు. వైట్‌హార్స్‌లో అద్దాల షాపులో అడిగితే జిగురు నింపుతాం, 80 డాలర్లు, అరగంట అన్నారు. "వేయించేద్దామండీ, ఎనభయ్యే కదా" అని మా ఆవిడ అంది. వాళ్ళు వద్దన్నారుగా అని నేను విన్లేదు. ఈ ముక్క మా ఇంట్లో ఇప్పటికీ వారానికి రెండుసార్లు వినపడుతోంది.

డిస్ట్రక్షన్ బే దాటాక రోడ్డు అలల్లా ఉంటుంది, కింద ఎప్పుడూ గడ్డకట్టి ఉండే నేల అక్కడక్కడా కరిగి కుంగుతుంది కదా, యాభైలో వెళ్ళినా వెనకాల గిన్నెలన్నీ ఎగిరి పడ్డాయి. అలాంటి ఒక ఎగురుడుకే ఆ గింజలోంచి బీట బయల్దేరి సాయంత్రానికి అద్దం సగం దాకా పాకింది. అత్తయ్యకి అమెరికా వీసా లేదు కాబట్టి ఎలాగూ బోర్డర్ దాకా వెళ్ళే పని లేదు, బర్వాష్ ల్యాండింగ్ నుంచే వెనక్కి తిప్పేశాం.

బండి అప్పజెప్పిన రోజు కౌంటర్‌లో అమ్మాయి చల్లగా పదకొండో పేజీ తీసి, అద్దం, టైర్లు, పైకప్పు ఇన్సూరెన్స్‌లోకి రావు అని చూపించింది. మరి మీవాళ్ళే ముట్టుకోవద్దన్నారు కదమ్మా అంటే, ఎవరన్నారు, పేరేంటి అంది. పేరు నేను అడిగితే కదా. డిపాజిట్‌లోంచి 1,184 లాగేశారు. కాబట్టి చిల్లు పడిందా, ఆ రోజే మీ డబ్బుతోనే పూడ్పించుకోండి, వాళ్ళు ఫోన్‌లో ఏం చెప్పినా ఈమెయిల్‌లో రాసివ్వమనండి.

ఇక బాగున్నవి. లియార్డ్ రివర్ వేడినీటి గుండాలు, పెద్దవాళ్ళకి మనిషికి 5 డాలర్లు. బురద చిత్తడి మీద చెక్కల బాట వేశారు, దానిమీద నడిచి వెళ్తే అడవి మధ్యలో పొగలు కక్కుతూ నీళ్ళు, ఒక చివర బాగా కాలుతుంది, దానికి దూరంగా పోయేకొద్దీ హాయిగా. బదరీనాథ్ తప్తకుండంలో మునిగిన అనుభవం ఉన్న అత్తయ్య పంజాబీ డ్రెస్‌తోనే దిగి గంటన్నర బయటికి రాలేదు. మోకాళ్ళ నొప్పులు రెండు రోజులు మాట్లాడలేదు అని ఆవిడే చెప్పారు. అక్కడే రోడ్డు పక్కన అడవిదున్నల మంద, అవి కదిలేదాకా మనం కదలకూడదు, హారన్ కొట్టొద్దు.

బస విషయంలో నా మాట వినండి, వాట్సన్ లేక్, వైట్‌హార్స్ ఉన్న యూకాన్ ప్రాంతంలో గవర్నమెంట్ క్యాంప్‌గ్రౌండ్లు ఉండగా, ఆర్వీలు నిలుపుకునే ప్రైవేటు పార్కులకి పోవద్దు. రాత్రికి 20 డాలర్లు, పొయ్యిలోకి కట్టెలు ఫ్రీ, కరెంటు ఉండదు అంతే. హైవే మీద ఒక ప్రైవేటు పార్కులో 68 తీసుకుని సన్నటి ధారగా నీళ్ళు, స్నానానికి మళ్ళీ నాణేలు వేయాలి, తల మీద షాంపూ ఉండగా ఆగిపోయింది, మా ఆవిడ అరుపు పక్క బండి వాళ్ళకి కూడా వినపడింది.

జూన్‌లో అక్కడ చీకటి పడదు, రాత్రి పదకొండున్నరకి కూడా పేపర్ చదువుకోవచ్చు. సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలో తెలీక అత్తయ్య రెండు రోజులు అవస్థపడి, చివరికి ఖమ్మం టైం చూసి పెట్టుకున్నారు. అంటే ఉదయం కాఫీకి ముందే.

వాట్సన్ లేక్‌లో ఊళ్ళ బోర్డుల అడవి ఒకటుంది, 1942లో ఒక సైనికుడు ఇంటి మీద బెంగతో సొంత ఊరి బోర్డు పెడితే మొదలైందట. పిల్లాడు ఒక చెక్క ముక్క మీద ఖమ్మం అని తెలుగులో రాసి తెచ్చాడు, మేకులు కొట్టొచ్చాం.

పెట్రోలుకి మొత్తం 2,140 అయింది, నార్త్‌లో లీటరు 2.39 దాకా పెట్టాం, ట్యాంకు సగానికి రాగానే నింపుకోండి.

కార్డు వాళ్ళ దగ్గర కంప్లైంట్ పెట్టా. సాక్ష్యం అడిగారు. ఉన్నది చిల్లు పడ్డప్పుడు పిల్లాడు తీసిన ఒక్క ఫొటో, అందులో సగం వాడి బొటనవేలే.