ఆరోగ్య పద్దు లెక్క తేల్చాలంటే పార్లమెంటులో ఏ దారి మేలు?

మందుల కొరత, ఆరోగ్య మిషన్ నిధుల జాప్యం, బీమా ప్రీమియం మీద పన్ను... ఏ సమస్య చెప్పినా ఎంపీలు "సభలో లేవనెత్తుతాం" అంటారు. ఏ రూపంలో లేవనెత్తుతారని అడిగేవాళ్లు తక్కువ. ఫలితం మాత్రం ఆ రూపం మీదే ఆధారపడి ఉంటుంది. ఒక దారిలో మంత్రి లెక్క చెప్పి తీరాలి. మరో దారిలో మైకు రెండు నిమిషాలు మోగుతుంది, అంతే.

ముందు ప్రశ్నల సంగతి చూద్దాం. లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్ ప్రశ్నలు, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. రాజ్యసభలో అవి 15, 160. స్టార్డ్ ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబివ్వాలి. అడిగిన సభ్యుడికి రెండు అనుబంధ ప్రశ్నల అవకాశం ఉంటుంది. అన్‌స్టార్డ్‌కు కాగితం మీద జవాబొస్తుంది, అనుబంధ ప్రశ్న ఉండదు. రెండింటికీ కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి. ఏ ప్రశ్న జాబితాలోకి వెళ్తుందో బ్యాలట్, అంటే లాటరీ, తేలుస్తుంది.

స్టార్డ్‌కే గౌరవం ఎక్కువ. మంత్రి కళ్లెదుట నిలబడి అడగడం, అది టీవీలో రావడం చిన్న విషయం కాదు. కానీ ప్రశ్నోత్తరాలకు ఉన్నది ఒక్క గంట. ఆ గంటలో ఐదారు ప్రశ్నలకు మించి చర్చకు రావు. పదో స్థానంలో ఉన్న ప్రశ్నకు చివరికి దక్కేది లిఖితపూర్వక జవాబే. సభ వాయిదా పడినా అంతే. అందుకే అంకెలు కావాలనుకునేవాళ్లకు నా సలహా అన్‌స్టార్డ్. జవాబు రికార్డులో ఉంటుంది, జిల్లాలవారీ పట్టికలు అనుబంధంగా జతచేస్తారు, ఎవరైనా వెబ్‌సైట్ నుంచి దించుకోవచ్చు. సభను తప్పుదోవ పట్టించారని తేలితే హక్కుల ఉల్లంఘన నోటీసుకు ఆ కాగితమే ఆధారం. "ఎందుకిలా జరిగింది?" అని నిలదీయాల్సిన చోట మాత్రం స్టార్డ్‌కు సాటి లేదు, ఎందుకంటే తప్పించుకున్న మంత్రిని అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నతో మళ్లీ పట్టుకోవచ్చు.

అన్‌స్టార్డ్ బలమంతా వాక్యంలోనే ఉంటుంది. కోవిడ్ రెండో ఉధృతిలో ఆక్సిజన్ కొరతతో రోడ్ల మీద, ఆసుపత్రుల్లో పెద్ద సంఖ్యలో జనం చనిపోయిన మాట నిజమేనా అని రాజ్యసభలో అడిగారు. 2021 జులై 20న వచ్చిన లిఖితపూర్వక జవాబు సారాంశం ఇది: ఆరోగ్యం రాష్ట్రాల అంశం, మరణాల నమోదుకు మార్గదర్శకాలిచ్చాం, ఆక్సిజన్ కొరత వల్ల మరణించినట్టు రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదు. దేశం కళ్లారా చూసిన విషాదం ఆ "ప్రత్యేకంగా నివేదించలేదు" అన్న మాట కింద కనపడకుండా పోయింది. జవాబు మీద ఆగ్రహం న్యాయమే. అయితే ప్రశ్న ఇచ్చిన సందు కూడా చూడాలి. "నిజమేనా?" అంటే "మాకు అలా చెప్పలేదు" అనడం సులువు. ఆ నమోదు పత్రంలో ఆక్సిజన్ కొరతకు గడి ఉందా, రాష్ట్రాలను ఆ సమాచారం అడుగుతూ ఏ తేదీన లేఖ రాశారు, ఎన్ని రాష్ట్రాలు బదులిచ్చాయి అని అడిగి ఉంటే, ప్రతి భాగానికీ తేదీయో అంకెయో ఇవ్వక తప్పేది కాదు.

డబ్బు విషయంలోనూ ఇదే సూత్రం. "ఆరోగ్యానికి కేటాయింపులు పెంచారా?" అని అడిగితే "అవును, ఏటా పెంచుతున్నాం" అంటారు. అది బడ్జెట్ అంచనా లెక్క. ఏడాది మధ్యలో సవరించిన అంచనాలో కోత పడొచ్చు, వాస్తవ వ్యయం అంతకన్నా తగ్గొచ్చు. కాబట్టి మూడూ అడగాలి, కనీసం మూడేళ్లకు. జాతీయ ఆరోగ్య మిషన్ లాంటి పథకంలో కేంద్రం, రాష్ట్రం వాటాలు 60:40 (ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90:10) కాబట్టి ఇంకో మెలిక ఉంది: కేటాయింపు వేరు, విడుదల వేరు, ఖర్చు వేరు. పని చేసే ప్రశ్న ఇలా ఉంటుంది:

(ఎ) గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈ పథకం కింద ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు కేటాయించిన, విడుదల చేసిన, ఖర్చయిన మొత్తాలు ఏడాదివారీగా ఎంత;
(బి) కేంద్ర వాటా వాయిదాలు విడుదలైన తేదీలేమిటి;
(సి) ఏ వాయిదా అయినా నిలిపివేశారా, నిలిపితే ఏ షరతు నెరవేరలేదని?

ఈ మూడో భాగమే అసలు విషయాన్ని బయటికి లాగుతుంది. "నిధుల కొరత" అనే మాట వెనక రాష్ట్రం తన వాటా జమ చేయకపోవడం ఉండొచ్చు, ఇచ్చిన సొమ్ము ఖర్చు చేశామని చూపే వినియోగ పత్రం పంపకపోవడం ఉండొచ్చు, ఢిల్లీలో ఫైలు కదలకపోవడమూ ఉండొచ్చు.

ప్రశ్న తిరస్కరణకు గురయ్యే కారణాలు కొత్తేమీ కావు. లోక్‌సభలో మాటల పరిమితి 150. వాదన, ఆరోపణ, ఎత్తిపొడుపు ఉండకూడదు. రాష్ట్ర పరిధిలోని విషయం పనికిరాదు. రాజ్యాంగం రాష్ట్ర జాబితా 6వ అంశంలో ఆసుపత్రులు ఉన్నాయి గనక ఫలానా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేడని అడిగితే నిలవదు, కేంద్ర నిధులతో మంజూరైన పోస్టుల్లో ఎన్ని ఖాళీ అని అడిగితే నిలుస్తుంది. శాఖ కూడా సరిగ్గా ఎంచుకోవాలి. 2018లో మొదలైన 4 శాతం ఆరోగ్య, విద్య సెస్‌నే (ఆదాయపు పన్ను మీద వేసే అదనపు వసూలు) తీసుకోండి. వసూలు లెక్క ఆర్థిక శాఖ చెప్పాలి. లోక్‌సభలో జవాబులిచ్చేందుకు ఆ శాఖ వంతు సోమవారం. అందులో ఆరోగ్యం వాటా కోసం 2021లో పెట్టిన ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్షా నిధి ఖర్చు ఆరోగ్య శాఖ చెప్పాలి. దాని వంతు శుక్రవారం. రెండూ ఒకే ప్రశ్నలో కుక్కితే సగం జవాబే వస్తుంది. సెస్ సొమ్ము రాష్ట్రాలతో పంచుకునే పన్నుల్లోకి రాదు కాబట్టి ఈ లెక్క అడగాల్సిన అవసరం మరీ ఎక్కువ.

జీరో అవర్ (అత్యవసర విషయాలు క్లుప్తంగా ప్రస్తావించే సమయం), లోక్‌సభ 377 నిబంధన గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. జీరో అవర్‌కు అదే రోజు ఉదయం 10 లోపు నోటీసిస్తే చాలు. అంటువ్యాధి ప్రబలినప్పుడు, ఆసుపత్రిలో ప్రమాదం జరిగినప్పుడు అంత వేగం మరెక్కడా లేదు. కానీ మంత్రి బదులివ్వాలన్న నిబంధన లేదు. 377 కింద ముందే ఆమోదం పొందిన పాఠం చదవాలి, జవాబు తర్వాత ఉత్తరంగా వస్తుంది. లెక్కలకు ఈ రెండూ సరిపోవు.

పద్దుల (ఒక్కో శాఖ ఖర్చుకు సభను అడిగే మొత్తాల) మీద చర్చ, వాటిని తగ్గించమనే కోత తీర్మానాలు కాగితం మీద అన్నిటికన్నా పెద్ద ఆయుధాలు. పద్దును ఒక్క రూపాయికి తగ్గించమంటే విధానాన్నే తిరస్కరించినట్టు. 100 రూపాయలు తగ్గించమంటే ఒక ఫిర్యాదును రికార్డు చేసినట్టు. ఆచరణలో లోక్‌సభ కొద్ది శాఖల పద్దులనే చర్చిస్తుంది, మిగిలినవి గిలెటిన్ కింద, అంటే చర్చ లేకుండా, ఒక్క ఓటుతో ఆమోదం పొందుతాయి. 2018లో, మళ్లీ 2023లో అన్ని శాఖల పద్దులూ చర్చ లేకుండానే ఆమోదం పొందాయి. ఆరోగ్య శాఖ చర్చకు వచ్చే ఏడాది కోత తీర్మానం వేయడం మంచిదే, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. రాజ్యసభకైతే పద్దులపై ఓటే లేదు.

పన్ను రేటు మార్చాలంటే పరిస్థితి వేరు. ఆదాయపు పన్ను, సెస్ లాంటివైతే ఆర్థిక బిల్లుకు సవరణ పెట్టొచ్చు; పన్ను తగ్గించే సవరణకు రాష్ట్రపతి సిఫార్సు కూడా అక్కర్లేదు. జీఎస్టీ అలా కాదు. ఆరోగ్య బీమా మీద 18 శాతం పన్ను తీసేయాలని 2024 ఆగస్టులో పార్లమెంటు ఆవరణలో ప్రతిపక్షం నిరసన తెలిపింది, సభలోనూ వాదోపవాదాలు జరిగాయి. నిర్ణయం మాత్రం 2025 సెప్టెంబరు 3న కేంద్ర, రాష్ట్ర మంత్రులు కూర్చునే జీఎస్టీ మండలిలో జరిగింది, వ్యక్తిగత పాలసీలకు మినహాయింపు అదే నెల 22 నుంచి వచ్చింది. మండలిలో ఓటు బలం మూడింట రెండొంతులు రాష్ట్రాలదే. అంటే ఇలాంటి విషయంలో ఎంపీ కన్నా, రాష్ట్ర ఆర్థిక మంత్రిని అసెంబ్లీలో "మండలిలో మన వైఖరి ఏమిటి?" అని అడిగే ఎమ్మెల్యే ఎక్కువ ఉపయోగపడతారు.

ఇక స్థాయీ సంఘం, అంటే ఒక శాఖ పనిని, ఖర్చును పరిశీలించే ఎంపీల కమిటీ. ఆరోగ్య శాఖ సంఘంలో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులు ఉండరు. కెమెరాలు లేవు గనక పార్టీ గోడలు కాస్త పలచబడతాయి. శాఖ కార్యదర్శిని కూర్చోబెట్టి ఒక్కో పద్దు శీర్షిక కింద ఎందుకు ఖర్చు కాలేదని గంటల తరబడి అడగొచ్చు. సిఫార్సులు ప్రభుత్వాన్ని కట్టడి చేయవు, కానీ ఏ సిఫార్సుపై ఏం చేశారో మూడు నెలల్లో రాతపూర్వకంగా చెప్పాలి. వచ్చే ఏడాది కేటాయింపు మారాలంటే నేను ఎంచుకునే దారి ఇదే. జరిగిపోయిన ఖర్చుకైతే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక, దాన్ని పరిశీలించే ఎంపీల ప్రజా పద్దుల సంఘం ఉన్నాయి. ఆయుష్మాన్ భారత్‌లో దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారులు ఒకే మొబైల్ నంబరుకు ముడిపడి ఉన్నారని 2023లో కాగ్ బయటపెట్టింది. అంత లోతు ఏ ప్రశ్నకూ అందదు, కాకపోతే అది తెలిసేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

ఒకటి మాత్రం చాలామంది వదిలేస్తారు. "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని జవాబొస్తే అక్కడితో ఫైలు మూసేస్తారు. ఆ మాట సభకిచ్చిన హామీగా నమోదవుతుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు పెంచమని హామీల కమిటీని అడగాలి. జవాబు వచ్చిన రోజే ప్రశ్న నంబరు, తేదీ రాసిపెట్టుకుని, మూడు నెలలు నిండిన మర్నాడు ఆ రెండూ పేర్కొంటూ కమిటీకి ఎంపీ ద్వారా లేఖ పంపండి.