ఎప్‌కాట్‌లో ఏ దేశపు మిఠాయి కొనాలి, ఏది వదిలేయాలి

తిరుపతి, చిత్తూరు నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే అవ్వాతాతల్లో చాలామందికి ఓర్లాండో ప్రయాణం కూడా తప్పదు. అక్కడి డిస్నీ పార్కులు నాలుగింటిలో వాళ్లకు బాగా కుదిరేది ఎప్‌కాట్. 1982లో తెరిచిన ఈ పార్కు వెనకవైపు ఒక చెరువు, దాని చుట్టూ 11 దేశాల వీధులు. రైడ్లు తక్కువ, అంగళ్లు ఎక్కువ. చుట్టు దూరం రెండు కిలోమీటర్లలోపే గానీ, అంగడి అంగడికీ ఆగుతూ పోతే నాలుగైదు గంటలు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గేటు దగ్గరే చక్రాల కుర్చీ అద్దెకు తీసుకోవడం మేలు. జపాన్ దాకా నడిచాక తీసుకుందామంటే మళ్లీ గేటు దాకా రావాలి.

దేశాల వైపు మామూలుగా 11 గంటలకు తెరుస్తారు. అంతకుముందే ముందువైపు రైడ్లు ముగించాలి. ముఖ్యంగా మిషన్ స్పేస్‌లో ఆరెంజ్ రకం గిర్రున తిప్పుతుంది, మిఠాయి తిన్న కడుపుతో ఎక్కితే వాంతే.

మనవాళ్లకు అసలు చిక్కు శాకాహారం దగ్గర వస్తుంది. అమెరికా ప్యాకెట్ మీద మన పచ్చచుక్క ఉండదు, వెనక సన్నక్షరాలు చదవాల్సిందే. జెలటిన్ అంటే పంది తోలు, పశువుల ఎముకల నుంచి తీసినది. కార్మైన్ అనే ఎరుపు పురుగుల నుంచి వస్తుంది. కన్ఫెక్షనర్స్ గ్లేజ్ మన లక్కే. జర్మనీ హరిబో ఎలుగుబంటి ఆకారపు జిగురు బిళ్లలు, జపాన్ హై-చ్యూ, చైనా వైట్ ర్యాబిట్ పాలబిళ్ల, మూడింటిలోనూ జెలటిన్ ఉంటుంది. బ్రిటన్‌లో వైన్ గమ్స్ అనే జిగురు మిఠాయిలో సాధారణంగా వైన్ ఉండదు, జెలటిన్ మాత్రం ఉంటుంది. యూదుల ఆహార నియమాలకు సరిపడిందని వేసే కోషర్ ముద్ర చూసి నిశ్చింత పడొద్దు, చేపల జెలటిన్‌కూ ఆ ముద్ర వేస్తారు.

మెక్సికోతో మొదలుపెట్టి కెనడాతో ముగించండి. మెక్సికో చింతపండు మిఠాయి మనకు కొత్త కాదు. చింతపండులో ఉప్పు, కారం, చక్కెర కలిపి అచ్చు పోసినదే. మన పిల్లలు పుల్లకు గుచ్చుకుని చీకే చింతపండు ఉండకు దగ్గరి చుట్టం. నార్వే వైపు దేశాల ఉప్పు లికరిస్ ఎక్కడైనా కనబడితే ఒక్కటే కొని నలుగురూ కొరకండి. అతిమధురం వేరు రసంలో నవసాగరం కలిపినట్టుంటుంది, ఎక్కువమంది ఉమ్మేస్తారు.

డబ్బు పెట్టదగ్గది జర్మనీ. అక్కడి కారమెల్ కూష అంగట్లో వెర్థర్స్ కారమెల్‌తో మిఠాయిలు కళ్లముందే తయారుచేస్తారు. కారమెల్ పాప్‌కార్న్ సంచి ఒకటి నలుగురికి సరిపోతుంది. ఫ్లోరిడా గాలిలో తేమ ఎక్కువ, చక్కెర దాన్ని పీల్చుకుని గంటలోనే పాప్‌కార్న్ మెత్తబడి అతుక్కుంటుంది. మిగిలితే వెంటనే జిప్ కవర్లో గాలి తీసేసి మూయాలి. రాత్రికి దాచుకుందామనుకుంటే ముద్ద అవుతుంది.

జపాన్ అంగడి మిత్సుకోషి పెద్దది, పిల్లలు అరగంటకు తక్కువ కదలరు. బొటాన్ బియ్యపు మిఠాయి మీది పలచటి పొర నోట్లోనే కరుగుతుంది, కాగితమనుకుని ఒలిచే ప్రయత్నం చేయొద్దు. కెనడాలో మేపుల్ చెట్టు పాకంతో చేసిన బిళ్ల మన బెల్లం అచ్చుకు తోబుట్టువు, పెద్దలకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

ఇక ప్యాకెట్ సరుకు సంగతి. హరిబో, వెర్థర్స్ గట్టి బిళ్లలు, హై-చ్యూ వాల్‌మార్ట్, టార్గెట్‌లలో పార్కు కంటే చవకగా దొరుకుతాయి. లోపల రుచికి ఒక ప్యాకెట్ చాలు, ఊరికి పంచేవి బయట కొనాలి. ఒక్కో బిళ్ల ముక్కలు చేసి పంచుకుంటే ఆరేడు దేశాల తర్వాతగానీ మొహం మొత్తదు. మధ్యలో నాలుక మారడానికి మన చెక్కలో, మురుకులో ఉంటే హాయి. బయటి తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు మాత్రం వద్దంటారు. భోజనం కౌంటర్లలో అడిగితే చల్లటి నీళ్లు ఊరికే ఇస్తారు.

బసకు డిస్నీ హోటళ్లలో పాప్ సెంచరీ అనుకూలం. స్కైలైనర్ తీగబండి ఎక్కి కరీబియన్ బీచ్ స్టేషన్‌లో ఒకసారి మారితే ఎప్‌కాట్ వెనక గేటు దగ్గర, ఫ్రాన్స్‌కూ బ్రిటన్‌కూ మధ్య దింపుతుంది. వేసవిలో మధ్యాహ్నం ఉరిమితే ఆ తీగబండి ఆపేస్తారు, తిరుగు ప్రయాణానికి గంట ఎక్కువ లెక్కేసుకోవాలి. గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుంది, వండుకోవడం కుదరదు. రోజూ అన్నం, చారు లేనిదే గడవని పెద్దలుంటే బయట వంటగది ఉన్న బసే నయం, కాకపోతే కారు పార్కింగ్‌కు రోజూ కట్టాలి.

తిరిగి వచ్చేటప్పుడు చాక్లెట్ తగ్గించండి. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో చెన్నైలో దిగి మూడు గంటలు కారు డిక్కీలో తిరుపతి చేరేసరికి కరిగి, మళ్లీ గట్టిపడి తెల్లటి పూత పడుతుంది. అది బూజు కాదు, తినొచ్చు, కానీ చూసినవాళ్లు పాతదనుకుంటారు. గట్టి కారమెల్, మేపుల్ బిళ్లలకు ఈ బెడద తక్కువ. మొక్కు తీర్చుకోవడానికి అట్నుంచటే కొండెక్కేవాళ్లు మద్యం నింపిన చాక్లెట్లు, ముఖ్యంగా యూరప్ రకాలు, సంచిలోంచి ముందే తీసేయాలి. తిరుమలకు మద్యం, మాంసం నిషేధం, అలిపిరిలో సామాన్లన్నీ తనిఖీ చేస్తారు.