గర్భిణుల క్లాసు బాగుంది, కాన్పు తర్వాతి సంగతే తక్కువైంది

చెల్లికి తోడుగా ఆసుపత్రి వాళ్లు పెట్టే గర్భిణుల క్లాసుకి వెళ్లాను. వీలైతే మీరూ ఇంట్లో వాళ్లని వెంటబెట్టుకుని వెళ్లండి. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం ఉబ్బడం, రక్తస్రావం, బిడ్డ కదలికలు తగ్గడం, ఈ ప్రమాద సూచనలన్నీ చెప్పేసి ఊరుకోకుండా నర్సుగారు ఒక్కొక్కరినీ "రాత్రిపూట ఇలా అయితే ఏం చేస్తావమ్మా, నీ మాటల్లో చెప్పు" అని అడిగారు. దీన్నే టీచ్-బ్యాక్ అంటారు. అర్థమైందా అంటే అందరం తలూపుతాం కదా, ఇలా అడిగితేనే అసలు విషయం బయటపడుతుంది. గర్భిణికి కనీసం 8 సార్లు చెకప్ జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది, ప్రతిసారీ బీపీ చూసి పంపేయకుండా ఇలా మాట్లాడితే ఎంత మేలో!

కానీ కాన్పు తర్వాతి సంగతి గబగబా ముగించేశారు, అది మాత్రం అస్సలు నచ్చలేదు. ప్రీ-ఎక్లాంప్సియా, అంటే గర్భిణులకి బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు, కాన్పయ్యాక కూడా, 6 వారాల వరకు రావచ్చు. తగ్గని తలనొప్పి దాని సూచనే కావచ్చు. బిడ్డ హడావిడిలో తల్లి తలనొప్పిని ఎవరు పట్టించుకుంటారు? చేతికిచ్చిన కరపత్రంలోనూ చిన్న అక్షరాలు, డాక్టర్ల భాష. దయచేసి అది మార్చండి, ఎమర్జెన్సీ నంబరు పైనే పెద్దగా వేయండి.