పిల్లల చేతికి ముందు ఏ పిస్టల్: ఎయిర్‌దా, పాయింట్ 22దా?

షూటర్ ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రెండింటిలోనూ పతకాలు తెచ్చాక, హైదరాబాద్‌లో చాలామంది తల్లిదండ్రులకు ఈ ప్రశ్న మొదలైంది. ప్రమాదాల వైపు నుంచి చూస్తే తేడా చాలానే ఉంది.

10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో 4.5 మిల్లీమీటర్ల సీసం పెల్లెట్ ఒక్కొక్కటే పెట్టాలి. ఒకటి పేలితే తుపాకీ ఖాళీ. అలాగని బొమ్మ కాదు, దగ్గర నుంచి తగిలితే కన్ను పోతుంది. గాలి సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి (బయటి గాలికి దాదాపు 200 రెట్లు) ఉంటుంది కాబట్టి గడువు దాటినదాన్ని వాడకూడదు.

25 మీటర్ల పాయింట్ 22 (0.22 అంగుళాల తూటాలు పేల్చే పిస్టల్) కథ వేరు. ఒక తూటా పేలగానే తర్వాతిది తనంతట తనే ఛాంబర్‌లోకి, అంటే తూటా పేలే గదిలోకి, వచ్చేస్తుంది. అసలు టెన్షన్ అక్కడే. మ్యాగజైన్ (తూటాలు పెట్టే పెట్టె) తీసేశాం కదా, ఖాళీయే అనుకుంటారు. లోపల ఒకటి మిగిలే ఉంటుంది! అందుకే బోల్టు వెనక్కి లాగి, ఛాంబర్‌లోకి కళ్లతో చూసి, సేఫ్టీ ఫ్లాగ్ (ఖాళీ అని చూపే గుర్తు) పెట్టాకే చెయ్యి తీయాలి. తూటా పేలకపోతే గొట్టాన్ని తమవైపు తిప్పుకుని చూసేవాళ్లూ ఉన్నారు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, కాసేపు ఆగి, షూటింగ్ రేంజ్ అధికారిని పిలవాలి. వేడి తూటా గుల్ల చొక్కా కాలర్‌లో పడినా సరే, చెయ్యి పక్కకు తిరగకూడదు. చెవులకు మఫ్స్ తప్పనిసరి.

కళ్లద్దాలు, సీసం పోయేలా తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం రెండింటికీ ఉన్నవే. నన్నడిగితే మొదటి ఏడాది ఎయిర్ పిస్టలే. ఖర్చు కూడా కలిసొస్తుంది.