నాణేల ఆల్బమ్ ఎంపికలో మొదట చూడవలసింది పాకెట్ ప్లాస్టిక్

పాత నాణేలు అమ్మే దుకాణాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్న ఆల్బములలో ఎక్కువ వాటికి రెక్సిన్ అట్ట, దానిమీద బంగారు రంగు అక్షరాలు, లోపల వరుసలుగా పాకెట్లు ఉంటాయి. ధర తక్కువ, చూపుకు ముచ్చటగానూ ఉంటాయి. అయితే వీటిలో చాలావాటి పాకెట్లు మెత్తని పీవీసీ (పాలీవినైల్ క్లోరైడ్ అనే ప్లాస్టిక్)తో చేసినవి కావడం వల్ల, నాలుగు కాలాలపాటు నిలవవలసిన సేకరణకు వీటిని నేను సిఫారసు చేయలేను.

పీవీసీ స్వతహాగా గట్టి పదార్థం. దాన్ని మెత్తబరచడానికి కలిపే రసాయనాలు వేడికీ తేమకూ క్రమంగా బయటికి ఊరుతాయి. ప్లాస్టిక్ శిథిలమయ్యే కొద్దీ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా వెలువడుతుంది. మన ఎండాకాలం ఈ మార్పును మరింత త్వరపరుస్తుంది. అలాంటి ఒక ఆల్బములో ఉంచిన 1943 నాటి చిల్లు కాణీని బయటికి తీసి చూస్తే, దాని అంచు వెంటా, నడిమి చిల్లు చుట్టూ పచ్చని పొర పట్టి ఉంది. వేలితో తాకితే జిగటగా అంటుకుంది. రాగి, కంచు నాణేలకు ఈ హాని త్వరగా కలుగుతుంది, వెండికీ తప్పదు. తొలిదశలోనే గమనిస్తే, గాలి ఆడే చోట, మంటకు దూరంగా, శుద్ధమైన అసిటోన్‌లో నానబెట్టి ఆ పొరను తొలగించవచ్చు. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో నూనెలు, సువాసన ద్రవ్యాలు కలిసి ఉంటాయి కనుక అది పనికిరాదు. రాగి చెంబులు తోమే అలవాటుతో నాణేలకు చింతపండు పట్టించడం అంతకన్నా చేటు: చిలుముతోపాటు లోహపు సహజమైన పైపొర కూడా పోతుంది, సేకర్తల దృష్టిలో ఆ నాణెం విలువ పడిపోతుంది.

ఆల్బమ్ తెరవగానే కొత్త రెక్సిన్ సీటు వాసన గుప్పుమంటే అనుమానించాలి. అనుమానం తీరకపోతే, ఎర్రగా కాల్చిన రాగి తీగను పాకెట్ మూలనుంచి కత్తిరించిన చిన్న ముక్కకు తాకించి, ఆ తీగను మళ్లీ మంటలో పెట్టి చూడవచ్చు. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టే, అంటే అది పీవీసీ కావచ్చు. ఈ పరీక్షలో వచ్చే పొగ మంచిది కాదు కాబట్టి ఆరుబయట చేయాలి. పాకెట్లు పాలీప్రొపిలీన్‌తో గానీ, మైలార్ అనే పాలియెస్టర్‌తో గానీ చేసినవని తయారీదారు స్పష్టంగా రాసి ఇచ్చిన ఆల్బములనే కొనడం మేలు.

మామూలు సేకరణకు నాకు బాగా నచ్చినవి రెండంగుళాల చదరపు అట్ట హోల్డర్లు. మడిచే అట్టకు రెండు వైపులా గుండ్రని కిటికీ, దానికి మైలార్ పొర ఉంటాయి. నాణేన్ని నడుమ ఉంచి, అట్ట మడిచి, పిన్నులు కొట్టాలి. బొమ్మా బొరుసూ రెండూ కనిపిస్తాయి, అట్టమీద సంవత్సరం, టంకశాల వివరం రాసుకోవచ్చు. సంవత్సరం కింద నక్షత్రం ఉన్న హైదరాబాద్ టంకశాల నాణేలను వజ్రపు గుర్తున్న ముంబయి నాణేలనుంచి వేరుచేసి అమర్చుకునేవారికి ఈ సదుపాయం ఎంతో ఉపయోగపడుతుంది. కిటికీ కొలత విషయంలో మాత్రం తొందర తగదు. అయిదు రూపాయల పాత కుప్రోనికెల్ (రాగి, నికెల్ మిశ్రమం) నాణెం వ్యాసం 23 మిల్లీమీటర్లు, పది రూపాయలది 27, బ్రిటిష్ కాలపు వెండి రూపాయి 30 దాటుతుంది. చదరంగా ఉండే అల్యూమినియం పైసాకు, అయిదు పైసలకు ఎదురెదురు మూలల మధ్య దూరాన్ని కొలవాలి. కొట్టిన పిన్ను కాళ్లను పట్టకారుతో నొక్కి చదును చేయకపోతే, అట్టలు ఒకదానిపై ఒకటి జరిగినప్పుడు పక్క హోల్డర్ మైలార్ చిరిగి, లోపలి నాణెంపై గీత పడుతుంది. ఇరవై పాకెట్ల పాలీప్రొపిలీన్ పేజీలు, రింగు బైండరు తీసుకుంటే వీటితోనే చక్కని ఆల్బమ్ తయారవుతుంది.

విలువైన వెండి నాణేలకు క్యాప్సూలే, అంటే ఒక్కో నాణేన్ని మూసి ఉంచే గట్టి ప్లాస్టిక్ డబ్బీయే సరైనది. జర్మనీకి చెందిన లైట్‌హౌస్ సంస్థ క్వాడ్రమ్ క్యాప్సూళ్లు 50 మిల్లీమీటర్ల చదరంగా, లోపల నాణెం కొలతకు తగిన వలయంతో వస్తాయి. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయిని అందులో అమర్చితే అంచుతో సహా కదలకుండా కూర్చుంటుంది. దిగుమతి సరుకు కనుక ధర ఎక్కువ. పేజీ నిండా పెడితే బరువుకు రింగుల దగ్గర సాగుతుంది కాబట్టి, వీటిని ఆల్బములో కాక పెట్టెలో పేర్చడమే నయం.

శాతవాహనుల సీసపు నాణేల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చెక్కనుంచి, నాసిరకం అట్టనుంచి వెలువడే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి సీసాన్ని తెల్లని పొడిగా మార్చేస్తుంది. ఎంత అందమైన టేకు పెట్టె అయినా, ఎంత చవకైన అట్ట హోల్డర్ అయినా వీటికి తగవు. పాలీప్రొపిలీన్ డబ్బాలో విడివిడిగా ఉంచడమే క్షేమం.

అమెరికాలో ఉన్న తెలుగువారు పిల్లలకు కొనిచ్చే విట్‌మన్ అట్ట ఫోల్డర్లు అక్కడి చిల్లర నాణేలు పోగుచేయడానికి సరదాగా ఉంటాయి. వాటిలో ఒక వైపే కనిపిస్తుంది, రంధ్రాల కొలతలు మన నాణేలకు సరిపడవు.

ఏ ఆల్బమ్ కొన్నా, నిలువుగా నిలబెట్టి, బీరువాలో గోడకు ఆనని అరలో ఉంచాలి. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఉండేవారు తేమను పీల్చే సిలికా జెల్ సంచులు తప్పక వేసుకోవాలి; వాటిలోని రంగు గుళికల రంగు మారగానే సంచులు మార్చాలి. బట్టల కోసం వేసే నాఫ్తలీన్ ఉండలను ఆ అరలోకి రానివ్వకూడదు, వాటి ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడుతుంది.