రేడాన్ మీటరు: రెండేళ్లు వాడాక నా మాట

ఇంటి గాలిలో రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఎంతుందో చూపే ఈ మీటరు కొనొచ్చా అని అడిగితే, ఒక్క ఇంటి కోసమైతే వద్దంటాను, నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి తీసుకుంటే మాత్రం పనికొస్తుంది. ధర పదిహేను వేలు దాటింది, పైగా ఒక ఇంట్లో మూడు నెలలు పెట్టి సగటు తేలాక అక్కడ దానికి పెద్దగా పనుండదు.

మాది కడప జిల్లా వేముల మండలం. తుమ్మలపల్లె యురేనియం గని పక్కనే కాబట్టి తెప్పించాడనుకుంటారు అందరూ. అదీ ఒక కారణమే, కానీ రేడాన్ గనిలోంచే రావాలని లేదు, నేలలోని యురేనియం రేడియంగా, రేడియం రేడాన్‌గా మారుతూ ఏ ఊళ్లోనైనా ఎంతో కొంత పైకి వస్తూనే ఉంటుంది. రంగూ వాసనా లేదు. ఆరుబయట గాలిలో కలిసిపోతుంది, మూసిన గదిలో పోగుపడుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత పెద్ద కారణాల్లో ఇదొకటి.

మీటరు అరచేతిలో పడుతుంది, సన్న బ్యాటరీలతో నడుస్తుంది, కరెంటు పోయినా టెన్షన్ లేదు. మొదటిరోజు అంకె చూపించకపోతే కంగారు పడకండి, దానికి టైం కావాలి. ఘనమీటరు గాలికి 100 బెక్వెరెల్ (రేడియోధార్మికతను కొలిచే యూనిట్) లోపు ఉంచుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అది కుదరకపోతే 300 మాత్రం దాటొద్దంటుంది. అమెరికా నుంచి తెప్పిస్తే లీటరుకు ఎన్ని పికోక్యూరీలు అన్న అక్కడి కొలతలో చూపిస్తుంది, 37తో గుణిస్తే మన బెక్వెరెల్ లెక్క వస్తుంది. అక్కడ 4 దాటితే ఇల్లు బాగుచేయించుకోమంటారు, అంటే మన లెక్కలో 148.

రోజువారీ అంకెను నమ్ముకుంటే పిచ్చెక్కుతుంది. తెల్లవారుజామున ఎక్కువ, తలుపులు తీసిన గంటల్లో తక్కువ, చలికాలంలో ఒకలా, వానపడ్డాక ఇంకోలా. చూడాల్సింది సగటునే.

మా పాత మట్టిమిద్దెలో గవాచి, అదే మిద్దెపైన వెలుతురుకూ గాలికీ వదిలిన కంత, ఎప్పుడూ తెరిచే ఉంటుంది, అక్కడ సగటు 100 దగ్గరికి కూడా రాలేదు. కొత్తగా కట్టిన స్లాబు ఇంట్లో, కింది గదికి ఏసీ బిగించి కిటికీలు మూసేసిన వేసవిలో, 200 దాటింది. పెద్దమ్మ ఊరుకుంటుందా? "గవాచి మూసి ఏసీ పెట్టుకుంటిరి, ఇప్పుడు గాలి కొలిచేదానికి మిషన్ కొంటిరి" అంది. ఆ గదిలో మూలన పరిచిన నాపబండల సందులు విచ్చుకొని ఉన్నాయి, చీపురుపుల్ల దూరేంత. వాటిని సిమెంటుతో పూడ్పించి, పొద్దున కాసేపు కిటికీలు తీయడం మొదలుపెట్టాక అంకె సగానికి పైగా తగ్గింది. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను, రెండూ ఒకేసారి చేశాం.

చిరాకుపెట్టేవీ ఉన్నాయి. రీసెట్ బటన్ పిల్లల చేతికి అందేలా ఉంది, పక్కింట్లో పెట్టినప్పుడు వాళ్ల బుడ్డోడు నొక్కేసి నెలల సగటును ఊడ్చేశాడు. ఇల్లు మార్చినప్పుడు మాత్రం మీరే తప్పక నొక్కాలి, లేకపోతే పాత ఇంటి లెక్క కొత్తదాంట్లో కలుస్తుంది. ఫ్యాను కిందా కిటికీ పక్కనా పెట్టొద్దు, మంచం పక్క స్టూలు మీద మేలు.

ఇంకోటి, మా ఊళ్లో చాలామంది దీన్ని బోరునీళ్ల దగ్గరికి తెమ్మంటారు. ఇది గదిలోని గాలిని తప్ప దేన్నీ కొలవదు. నీళ్లలో యురేనియం ఉందో లేదో తేలాలంటే నీళ్లను ల్యాబుకే పంపాలి, గాలి అంకె తక్కువొచ్చిందని బోరు మంచిదనుకోవద్దు.