నటుడు పోయాక అచ్చయిన ఫోటో మీద అతని సంతకం: పాత సైన్స్ ఫిక్షన్ ఆటోగ్రాఫ్‌లు కొనేవాళ్లకు హెచ్చరిక

1951లో వచ్చిన ‘ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్’ సినిమా స్టిల్ మీద మైకేల్ రెన్నీ, పాట్రిషియా నీల్ ఇద్దరి సంతకాలూ ఉన్నాయని ఎవరైనా ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడితే, డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చివరిదాకా చదవండి. అలాంటి ఫోటో ఒకటి నేను కొన్నాను. అది నకిలీదని తేలింది. డబ్బు వెనక్కి వచ్చింది కానీ, అదే సెల్లర్ అదే సరుకును మళ్లీ మళ్లీ పెడుతున్నాడు. అందుకే జరిగింది మొత్తం చెబుతున్నాను.

ఆ సినిమాలో అంతరిక్షం నుంచి వచ్చిన క్లాటూ పాత్ర వేసింది రెన్నీ. పళ్లెం ఆకారపు నౌకలోంచి దిగి అతను నిలబడిన తీరు, పక్కనే గోర్ట్ అనే రోబో, ఇవి చూసి పెరిగినవాళ్లకు ఆయన సంతకం అంటే ఎంత ఇష్టమో వేరే చెప్పక్కర్లేదు. పైగా అది దొరకడం కష్టం. రెన్నీ 1971 జూన్‌లో చనిపోయారు. ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్ అభిమానుల మొదటి పెద్ద కన్వెన్షన్, అంటే అభిమానుల సమావేశం, న్యూయార్క్‌లో జరిగింది 1972 జనవరిలో. నటులు బల్ల ముందు కూర్చుని వందల మందికి సంతకాలు చేసే పద్ధతి ఊపందుకునేసరికే ఆయన లేరు. కాబట్టి ఆయన అసలు సంతకాలు ఎక్కువగా పాత ఆటోగ్రాఫ్ పుస్తకాల్లో, ఉత్తరాల్లో, కాంట్రాక్టుల్లో దొరకాలి. పాట్రిషియా నీల్ 2010 దాకా బతికారు, ఆమె సంతకం అంత అరుదు కాదు. అయితే ఇద్దరివీ ఒకే ఫోటో మీద ఉండాలంటే, రెన్నీ సంతకం చేసిన ఫోటోను ఎవరో దాచుకుని, దాన్ని పట్టుకెళ్లి నీల్ చేత కూడా సంతకం చేయించి ఉండాలి. అసాధ్యమేమీ కాదు. కానీ అంత జాగ్రత్త తీసుకున్న మనిషి దాని కథ కూడా ఎక్కడో రాసిపెడతాడు.

సెల్లర్ చెప్పింది మాత్రం ఒకే ముక్క: “ఒక పాత కలెక్టర్ చనిపోయాక ఆయన సామాన్లలో దొరికింది.” ఎవరా కలెక్టర్, ఎప్పుడు సంపాదించాడు అని అడిగితే, కుటుంబం పేరు బయటపెట్టకూడదు అన్నాడు. లిస్టింగ్‌లో పెట్టిన ఫోటోలన్నీ గాజు ఫ్రేమ్‌లోంచి తీసినవే, వాటి మీద లైటు పడి మెరుస్తోంది. ఫ్రేమ్ తీసి స్కాన్ పంపమంటే, తీస్తే వెనకాల సీలు చిరుగుతుంది అన్నాడు. సర్టిఫికెట్ ఉంది, జీవితకాల గ్యారంటీ ఉంది అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. పేపాల్‌లో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ కింద పంపితే కొంత తగ్గిస్తాడట. దానికి నేను ఒప్పుకోలేదు. ఆ పద్ధతిలో డబ్బు పంపితే కొనుగోలుదారుకు ఉండే రక్షణ వర్తించదు. సైట్‌లోనే, కార్డుతోనే కట్టాను. చివరికి డబ్బు తిరిగొచ్చిందంటే అందువల్లే.

పార్సిల్ రాగానే ఫ్రేమ్ విప్పి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూశాను. చూడ్డానికి అది బ్లాక్ అండ్ వైట్ ఫోటో. కానీ భూతద్దం కింద బూడిద రంగంతా నీలం, గులాబీ, పసుపు చుక్కలుగా విడిపోయి కనిపించింది. నెగటివ్ నుంచి డార్క్‌రూమ్‌లో తీసిన ప్రింట్‌లో అలాంటి చుక్కలు ఉండవు. అవి కలర్ ఇంక్‌జెట్ ప్రింటర్ వేసే చుక్కలు. 1971లో చనిపోయిన మనిషి ఇంక్‌జెట్‌లో తీసిన ఫోటో మీద సంతకం ఎలా చేస్తారు? ఇక చేతిరాత నిపుణుడి దగ్గరికి వెళ్లాల్సిన పనే లేదు.

ఆ తర్వాత చూసినవన్నీ దాన్నే బలపరిచాయి. రెండు సంతకాలూ ఒకే నీలం మార్కర్‌తో, ఒకే మందంలో, ఒకేలా తాజాగా ఉన్నాయి. ఒకటి 1971కి ముందుది, రెండోది దశాబ్దాల తర్వాతది అయితే సిరా అంత అచ్చంగా ఒకేలా ఉండడం నమ్మశక్యం కాదు. గీతల మొదలు, చివర మొద్దుగా ఉన్నాయి. వేగంగా సంతకం చేసే చెయ్యి కాగితం మీదికి దిగేటప్పుడు, లేచేటప్పుడు గీత సన్నబడుతుంది. చూసి నెమ్మదిగా గీసేవాడి చెయ్యి ఆగి ఆగి కదులుతుంది, ఆగిన ప్రతిచోటా సిరా కొంచెం ఊరుతుంది. ‘ఆర్’ అక్షరం మలుపులో ఆ ఊట స్పష్టంగా ఉంది.

సర్టిఫికెట్ సంగతి ఇంకా ఘోరం. బంగారు రంగు సీలు, హోలోగ్రామ్, వరుస నంబరు అన్నీ ఉన్నాయి. ఆ నంబరు సరిచూసుకోవడానికి ఆ సంస్థకు డేటాబేస్ అనేదే లేదు. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న అడ్రస్, పార్సిల్ కవరు మీద పంపినవాడి అడ్రస్ ఒకటే. అంటే సంతకం అసలైనదని సాక్ష్యం చెప్పేది కూడా దాన్ని అమ్మినవాడే.

భూతద్దంలో తీసిన ఫోటోలు పంపి అడిగాను. మొదట, “అది ఒరిజినల్ నెగటివ్ నుంచి తీసిన రీప్రింట్” అన్నాడు. రీప్రింట్ ఎప్పుడు తీశారు, సంతకం ఎప్పుడు చేశారు అంటే జవాబు లేదు. తర్వాత సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థనే అడగమన్నాడు. చివరికి సగం డబ్బు తిరిగి ఇస్తాను, మంచి రేటింగ్ ఇచ్చి ఇంతటితో వదిలేయండి అన్నాడు. వందల రేటింగులు, అన్నీ మెచ్చుకోళ్లే ఎలా వచ్చాయో అప్పుడు అర్థమైంది. చాలామంది కొనుగోలుదారులు ఫ్రేమ్ విప్పరు, గోడకు తగిలిస్తారు, అయిదు నక్షత్రాలు ఇస్తారు. అనుమానం వచ్చిన కొద్దిమందికి సగం డబ్బు ముడుతుంది. నేను ఒప్పుకోకుండా సైట్‌లో డిస్ప్యూట్ (ఫిర్యాదు) వేసి, చుక్కలు కనిపించే ఫోటోలు, రెన్నీ మరణించిన సంవత్సరం, రెండు అడ్రసులూ పక్కపక్కన పెట్టి పంపాను. పూర్తి డబ్బు వచ్చింది.

ఆ తర్వాత అతని పాత లిస్టింగులు తిరగేశాను. అదే సినిమాలోని వేరే స్టిల్ మీద అవే రెండు సంతకాలు కనిపించాయి. రెండు బొమ్మలనూ ఒకే సైజుకు తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, రెన్నీ సంతకం గీతకు గీత కలిసిపోయింది. ఏ మనిషీ రెండుసార్లు అచ్చు గుద్దినట్టు ఒకేలా సంతకం చేయలేడు. రెండు సంతకాలు పూర్తిగా ఒకేలా ఉంటే ఒక అచ్చు పెట్టి గీసి ఉండాలి, లేదా ఆటోపెన్ అయి ఉండాలి. ఆటోపెన్ అంటే నిజమైన పెన్ను పట్టుకుని, దాచుకున్న నమూనా ప్రకారం సంతకం గీసే యంత్రం. సిరా నిజమైనదే కాబట్టి భూతద్దంతో పట్టుకోవడం కష్టం, పోల్చి చూస్తే తేలిగ్గా దొరుకుతుంది. అందుకే ఏ నటుడి సంతకం కొనాలనుకున్నా, అమ్మకానికి ఉన్న వేరే కాపీల బొమ్మలు ముందు పోగేసుకోండి. ఒకే సెల్లర్ పాత అమ్మకాలైతే మరీ మంచిది.

ఈ రంగంలో సర్టిఫికెట్ చూపించి మోసం చేయడం కొత్త కాదు. 1990లలో అమెరికాలో ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో పట్టుకున్న ముఠా ఎక్కువగా క్రీడాకారుల సంతకాలను నకిలీ చేసింది, వాటితో పాటు సర్టిఫికెట్లు కూడా అమ్ముడుపోయాయి. ‘స్టార్ వార్స్’ నటుడు మార్క్ హామిల్ అయితే అభిమానులు చూపించిన తన సంతకాల్లో ఏవి నకిలీవో ట్విట్టర్‌లో స్వయంగా చెప్పేవారు. కాలిఫోర్నియాలో సంతకం ఉన్న వస్తువులకు సర్టిఫికెట్ తప్పనిసరి చేసిన చట్టానికి కూడా ఆయన మద్దతిచ్చారు. అది 2017 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మొదట 5 డాలర్ల వస్తువుకైనా వర్తించేది, అదే ఏడాది సవరించి 50 డాలర్లకు పెంచారు. మంచి చట్టమే. అయితే చట్టం కాగితం ఇమ్మంటుంది గానీ, ఆ కాగితం మీద రాసింది నిజమో కాదో మనమే చూసుకోవాలి. సంతకాలను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పీఎస్‌ఏ, జేఎస్‌ఏ, బెకెట్ లాంటి సంస్థల నంబర్లను వాళ్ల సైట్లలో సరిచూసుకోవచ్చు. స్టిక్కర్ కూడా నకిలీది కావచ్చు కాబట్టి, నంబరు కొట్టినప్పుడు వచ్చే వివరాలు మీ చేతిలో ఉన్న వస్తువుతో సరిపోతున్నాయో లేదో తప్పక చూడండి. ఆ సంస్థలు కూడా చెప్పేది తమ అభిప్రాయమే, పొరపాట్లు జరుగుతాయి. కానీ పేరూ ఊరూ లేని హోలోగ్రామ్ కంటే అది వెయ్యి రెట్లు నయం.

నా మటుకు నేను సర్టిఫికెట్ కంటే ముందు తేదీలు చూస్తాను. ఈ పని డబ్బు కట్టక ముందే, ఇంట్లో కూర్చునే చేయొచ్చు. సంతకం చేసిన మనిషి ఎప్పుడు పోయారు? సంతకం ఉన్న వస్తువు, రాసిన పెన్ను అప్పటికి ఉన్నాయా? గోర్ట్ వేషం వేసిన లాక్ మార్టిన్ 1959లో చనిపోయారు. షార్పీ మార్కర్ వచ్చింది 1964లో. షార్పీతో రాసిన లాక్ మార్టిన్ సంతకం అని ఎవరన్నా అంటే మాట్లాడకుండా పక్కకు జరగండి. పీటర్ కుషింగ్ 1994లో పోయారు, డీవీడీలు వచ్చింది 1996లో. కాబట్టి ‘స్టార్ వార్స్’ డీవీడీ అట్ట మీద ఆయన సంతకం ఉండదు. అదే సినిమాలో నటించిన అలెక్ గిన్నెస్ 2000లో పోయారు, బ్లూ-రే 2006లో వచ్చింది. సినిమాను శుభ్రం చేసి మళ్లీ విడుదల చేసినప్పుడు తీసిన స్టిల్స్‌కూ ఇదే లెక్క. బొమ్మ ఏ ఎడిషన్‌లోంచి వచ్చిందో కనుక్కుంటే చాలాసార్లు అక్కడే వ్యవహారం తేలిపోతుంది.

బృందం మొత్తం సంతకాలున్న ఫోటోల దగ్గర ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. ‘ఫర్‌బిడెన్ ప్లానెట్’ సినిమా 1956 నాటిది. అందులో నటించిన వాల్టర్ పిడ్జన్ 1984లో, లెస్లీ నీల్సన్ 2010లో, ఆన్ ఫ్రాన్సిస్ 2011లో పోయారు. ముగ్గురి సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే వరుసలో, ఒకరి మీద ఒకరు పడకుండా ముచ్చటగా సర్ది ఉంటే, ఆ ముచ్చటకే అనుమానపడాలి.

పాత కాగితం కనబడగానే నమ్మేయకూడదు కూడా. స్టూడియోలు అభిమానుల ఉత్తరాలకు జవాబుగా పంపిన ఫోటోల్లో సెక్రటరీలు పెట్టిన సంతకాలు, రబ్బరు ముద్రలు, ఫోటోతో పాటే అచ్చయిన సంతకాలు బోలెడు. అవి నిజంగా ఆ కాలం నాటివే, కానీ నటుడి చెయ్యి వాటిని తాకలేదు. అచ్చు సంతకాన్ని పట్టుకోవడం తేలిక. ఫోటోను పక్కకు వంచి లైటు కింద చూస్తే, నిజమైన సిరా గీత ఫోటో మెరుపు మీద విడిగా కనిపిస్తుంది, అచ్చు సంతకం మెరుపులో కలిసిపోతుంది. సెక్రటరీ సంతకమైతే పోలిక తెలిసినవాళ్లే చెప్పగలరు.

వణుకు కనిపించిందని ప్రతిదాన్నీ నకిలీ అనడం కూడా అన్యాయం. ‘స్టార్ ట్రెక్’లో స్కాటీ పాత్ర వేసిన జేమ్స్ డూహాన్‌కు పార్కిన్సన్స్ ఉండేది. ఆయనకు అల్జీమర్స్ కూడా ఉందని 2004లో ప్రకటించారు, మరుసటి ఏడాది పోయారు. చివరి రోజుల్లో అలాంటి మనిషి చేసిన సంతకం 1970లలో చేసినదానిలా ఉండదు. అదే కాలంలో చేసిన, చోటూ తేదీ తెలిసిన సంతకాలతోనే పోల్చాలి. తొందరపడి నకిలీ అని ముద్ర వేస్తే నిజాయితీగా అమ్ముకునేవాళ్లు నష్టపోతారు.

ఆటోగ్రాఫ్ కొనేది ఆ మనిషి చెయ్యి ఈ కాగితాన్ని తాకింది అన్న ఒక్క నమ్మకం కోసం. రెన్నీ లాంటి నటుడు ఇక వచ్చి “అది నేను పెట్టలేదు” అని చెప్పలేరు. ఆయన పేరును ఇలా ఇంక్‌జెట్ కాగితాల మీద గీసి అమ్ముతుంటే నాకు డబ్బు కంటే అదే ఎక్కువ బాధేసింది.

ఇప్పటికే ఆ ఫోటో కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు ఫ్రేమ్ విప్పి భూతద్దంతో చూడండి. రంగు చుక్కలు కనిపిస్తే ఫోటోలు తీసి వెంటనే డిస్ప్యూట్ వేయండి, గడువు దాటితే సైట్లు పట్టించుకోవు. సైట్ గడువు అయిపోయినా, కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని, అడిగి చూడండి. పార్సిల్ కవరు పారేయకండి, దాని మీద అడ్రసే మీ సాక్ష్యం. సెల్లర్‌తో మాటలన్నీ సైట్ మెసేజ్‌లలోనే జరపండి, ఫోన్ చేద్దాం అంటే వద్దనండి. తిరిగి పంపమని సైట్ రాతపూర్వకంగా చెప్పేదాకా ఫోటోను చేతిలోంచి వదలకండి, పంపేటప్పుడు ట్రాకింగ్ ఉన్న పద్ధతిలోనే పంపండి. సగం డబ్బు ఇస్తానంటే తీసుకోకండి, అది తీసుకున్నాక ఇద్దరూ రాజీపడ్డారని చెప్పి కేసు మూసేసే ప్రమాదం ఉంది.